ఆదెన్న బిగించిన చైను

రాప్తాడులో హైవే పక్కన రేకుల షెడ్డు కింద బండ్లు బాగుచేసే సుజాతకు ఒక పట్టింపు ఉంది. చైను మార్చిన బండి ఏదైనా సరే, ఆమె వేలు పెట్టి చూడందే షెడ్డు దాటకూడదు. అదీ ఖాళీ బండి మీద కాదు. ఎవరు ఎక్కి పోతారో వాళ్ళు ఎక్కి కూర్చోవాలి. మొగుడూ పెళ్ళాం పోయేదయితే ఇద్దరూ కూర్చోవాలి. వాళ్ళు బరువంతా వేసి కుదురుకున్నాక ఆమె వెనకచక్రం పక్కన కూర్చుని, కింద వేలాడే చైను మధ్యలో చూపుడు వేలు పెట్టి పైకి ఎత్తి చూస్తుంది. చైను కొంచెం లేవాలి, కొంచెం దిగాలి. అప్పుడు "పోండి" అంటుంది. ఆ మాట అనేదాకా తాళంచెవి ఆమె చీర మీద తొడుక్కున్న మగచొక్కా జేబులోనే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే బెంగుళూరు నుంచి స్పోర్టు బండ్ల మీద గుంపులుగా వచ్చే కుర్రకారు మొదట్లో ఈ తతంగం చూసి నవ్వారు. "ఏమక్కా, బండికి నాడి చూస్తాండావా?" అని ఒకడు అడిగాడు. "నాడి దొరక్కపోతే నిన్ను ఎక్కనియ్యను లేప్పా" అంది సుజాత, తల ఎత్తకుండానే. ఆ నవ్వినవాడే ఇప్పుడు బెంగుళూరులో చైను అరిగిందంటే ఇక్కడిదాకా బండి నడుపుకుని వస్తాడు.

ఆమెకు తన పని మీద ఉన్న నమ్మకం కొందరికి పొగరులా కనబడుతుంది. కనబడనీ. "నాకంటే బాగా చైను సెట్టు మార్చే మనిషి ఉంటే పిల్చుకుని రాండి, కాఫీ ఇచ్చి నేర్చుకుంటా" అంటుంది. ఇంతవరకు ఆ కాఫీ తాగడానికి ఎవరూ రాలేదు.

సుజాత పుట్టింది ధర్మవరంలో, పట్టు నేసే ఇంట్లో. తండ్రి ఆదెన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే వీధిలో పెళ్ళి ఊరేగింపు పోయినా తల తిప్పేవాడు కాదు. కూతురు మాత్రం తిప్పింది. ఇంటి ఎదురుగా కుళ్ళాయప్ప మోటారుసైకిళ్ళ షాపు ఉండేది. ఇంజను విప్పి పరిచినప్పుడల్లా ఈ పిల్ల గడప దాటి పోయి నిలబడేది. నిలబడీ నిలబడీ ఒకరోజు పానా అందించింది, ఇంకోరోజు నట్టు విప్పింది. ఆ సంగతి తెలిసి ఆదెన్న ఒంటికాలి మీద లేచాడు.

"పట్టు పట్టాల్సిన చేతులు గ్రీజు పడతాయా?" అన్నాడు.

"గ్రీజు సబ్బుకు పోతాది నాయనా" అంది పిల్ల.

ఆ జవాబుకు ఆదెన్న కొన్నాళ్ళు కూతురితో మాట్లాడలేదు. తల్లి అంజనమ్మ మధ్యలో రాయబారం నడిపింది. చివరికి కూతురు గెలిచింది గానీ, తండ్రి ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. పెళ్ళయి రాప్తాడు వచ్చి షెడ్డు పెట్టుకున్నాక కూడా ఆయన వచ్చి చూసిపోయింది తక్కువ. భర్త చంద్రమోహన్ ఆర్టీసీలో కండక్టరు. బస్సుకు చక్రాలు ఎన్ని ఉంటాయని అడిగినా ఆలోచించి చెప్పే మనిషి. అందుకే భార్య పనిలో ఏనాడూ తల దూర్చలేదు, ఆ కాపురం చల్లగా ఉండడానికి అదీ ఒక కారణమే.

పోయిన ఎండాకాలం ఆదెన్న మోకాళ్ళు మొరాయించాయి. గుంటలో దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. మగ్గాన్ని తమ్ముడి కొడుక్కి అప్పగించి, అంజనమ్మతో కలిసి కూతురి దగ్గరికి వచ్చాడు. అంజనమ్మకు వంటిల్లు దొరికింది. ఆదెన్నకు షెడ్డులో ఒక స్టూలు దొరికింది.

జీవితమంతా కాలూ చెయ్యీ ఆడించిన మనిషిని స్టూలు మీద కూర్చోబెడితే ఏమవుతుంది? మొదటి వారం పానాలన్నీ తుడిచి సైజు ప్రకారం గోడకు తగిలించాడు. రెండో వారం వాటినే మళ్ళీ తుడిచాడు. ఆ తర్వాత తుడవడానికి ఏమీ మిగల్లేదు. చూడడం మిగిలింది. నేతపనివాడి కళ్ళు కదా, వెంట్రుకంత పోగు తెగినా పట్టుకునే కళ్ళు. కూతురు ఏ నట్టుకు ఏ పానా పెడుతుందో, చక్రం రెండు వైపులా గీతలు సమానంగా ఉన్నాయో లేదో ఎట్లా చూసుకుంటుందో, అంతా కంఠతా పట్టేశాడు. చైను మధ్యలో ఆమె వేలికి తగిలే సడలు మాత్రం స్టూలు మీదికి కనబడేది కాదు.

"నాకూ ఒక పని చెప్పరాదా సుజాతా" అని అడిగాడు ఒకరోజు.

"కూచో నాయనా. చేసిందంతా చాలదా? రెస్టు తీసుకో. బండి మాత్రం ముట్టుకోవాకు" అంది ఆమె.

ప్రేమగానే అంది. కానీ ఆ "రెస్టు" అనే మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆమెకు అది తెలియలేదు. ఎంత నేర్పరికైనా ఇంట్లో మనిషి దగ్గర ఒక గుడ్డిచోటు ఉంటుంది.

సీతాఫలాలు దిగే రోజుల్లో ఒక పొద్దున ముఖేష్ వచ్చాడు. అనంతపురం పాతూరులో వాళ్ళది స్టీలు సామాన్ల అంగడి. నాన్న గల్లా దగ్గర కూర్చుంటే ఇతను ఎర్రటి స్పోర్టు బండి మీద తిరుగుతాడు. మనిషి మంచివాడే, కాకపోతే బండిని కడగడంలో ఉన్న శ్రద్ధ చైనుకు నూనె వేయడంలో లేదు. ఆ రోజు భార్య కల్పనను ఎక్కించుకుని మడకశిరలో ఆమె పుట్టింటికి పోవాలి. కల్పన చెల్లెలికి శ్రీమంతం. కల్పన అంగట్లో చిన్న పని చూసుకుని ఆటోలో వస్తుందట, ఆలోపు చైను మార్చేయమన్నాడు.

"చైను ఒకటి చాలక్కా. పండ్లచక్రాలు బాగానే ఉండాయి" అన్నాడు.

సుజాత మూత విప్పింది. ఇంజను దగ్గరి చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం రెండూ చూపించింది. పళ్ళు అరిగి అరిగి ఒక పక్కకు కొడవలి మొనల్లా వంగి ఉన్నాయి.

"ఈ పండ్ల మీద కొత్త చైను వేస్తే ఏమయితాది ముఖేషూ? అవి దీన్ని తినేస్తాయి. మూడూ కలిసి అరిగినాయి, మూడూ కలిసే పోవల్ల" అంది.

ముఖేష్ సరేనని తల ఊపాడు. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరని అతనికి తెలుసు. సుజాత పాత చైను కోసి తీసి, పళ్ళచక్రాలు రెండూ మార్చి, కొత్త చైను తొడిగి అతుకు లింకు బిగించింది. వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా ఉండే బిగింపు బోల్టులతో చైనుకు ఎంత సడలు ఉండాలో అంత ఉంచి, ఇరుసు నట్టు బిగించింది. ఒక చుట్టు నడిపి చూసి వచ్చి బండి నిలబెట్టింది. ఇక మిగిలింది ఆఖరి ముక్క. కల్పన రావాలి, ఇద్దరూ కూర్చోవాలి, వేలు పెట్టాలి.

సరిగ్గా అప్పుడే రోడ్డు అవతల పాలు పోసే కొండప్ప మోపెడ్ క్యాన్లతో సహా ఒరిగి పడింది. సుజాత తాళంచెవి బండికే వదిలేసి పరుగెత్తింది. కొండప్పకు మోచెయ్యి గీరుకుపోయింది తప్ప ఏమీ కాలేదు గానీ, పాలు పోయినందుకు అతను పెట్టిన శోకానికి అంతులేదు. ఆమె మోపెడ్ లేపి, వంగిన హ్యాండిల్ సరిచేసి, అతన్ని ఓదార్చి పంపి తిరిగి వచ్చేసరికి ఎర్ర బండి లేదు.

స్టూలు కూడా ఖాళీ. ఆదెన్న షెడ్డు మధ్యలో నిలబడి చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. ఆ చేతులకు గ్రీజు.

"ముఖేష్ యాడ నాయనా?"

"పోయినారు. ఆ పాప వచ్చింది, ఇద్దరూ ఎక్కి పోయినారు" అన్నాడు ఆదెన్న. ముఖంలో చాలా రోజుల తర్వాత ఒక వెలుగు. "నువ్వు రాలేదని ఆ పిల్లోడు ఆగుతానన్నాడు. అక్క వేలు పెట్టి చూడల్ల కదా అన్నాడు. నేను చూసినాలే, పో అని చెప్పినా. చైను లొడలొడ ఊగుతాండె. నువ్వు మర్చిపోయినావేమో అని నేనే బిగించినా. రెండు పక్కలా సమానంగా. ఇరుసు నట్టుకు పానా మీద గొట్టం తొడిగి మరీ బిగించినా. ఏలు పెడితే కదలదు ఇప్పుడు, తీగ ఉన్నట్టుండాది."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా.

సుజాత రోడ్డు వైపు చూసింది. ఖాళీ బండి మీదే తీగలా ఉన్న చైను, ఇద్దరు కూర్చుంటే ఏమవుతుంది? బరువుకు బండి వెనకభాగం దిగుతుంది, చక్రం వెనక్కి జరిగినట్టయి చైను ఇంకా లాక్కుంటుంది. గుంతలో పడిన ప్రతిసారీ లాక్కుంటుంది. వేడెక్కుతుంది, ఇంజను లోపలి బేరింగును పీకుతుంది. అన్నిటికీ మించి, హైవే మీద తెగిందా, చక్రానికి చుట్టుకుని బండిని నిలువునా పట్టేస్తుంది. వెనక కల్పన కూర్చుని ఉంది.

"ఎవురు ముట్టుకోమన్నారు నిన్ను?" అంది. ఆ గొంతు ఆమెదిలా లేదు. "ఎన్నిసార్లు చెప్పినా, బండి ముట్టుకోవాకు అని?"

ఆదెన్న ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

ముఖేష్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. హెల్మెట్ పెట్టుకుని బండి నడిపేవాడు ఫోను ఎత్తడు. పానాలు సంచిలో వేసుకుని తన పాత బండి బయటికి లాగింది. ఆదెన్న వెనక ఎక్కి కూర్చున్నాడు. దిగమని చెప్పడానికి ఆమెకు టైము లేదు.

మరూరు వైపు గాలి ఎదురు కొడుతోంది. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన వేరుశనగ చేలు, వాటి మీద తిరిగే గొర్రెలు. సుజాత కళ్ళు ఎర్ర రంగు కోసం తప్ప దేనికోసమూ చూడడం లేదు. ఆదెన్న కూతురిని పట్టుకోలేదు. వెనక కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. చాలా దూరం పోయాక, గాలిలో ఆయన మాట వినబడింది.

"మగ్గం మీంచి లేచేటప్పుడు పడుగు సడలిస్తాం కదా పాపా."

ఆమె ముందున్న లారీని దాటేసింది.

"లేచేటప్పుడు సడలించల్ల. మళ్ళీ కూచునేటప్పుడు బిగించుకోవల్ల. నువ్వు లేచి పోయినావు, అందుకే సడలించినావు అనుకున్నా. వాళ్ళు కూచునేకి వచ్చినారు. అందుకే బిగించినా."

సుజాత చెయ్యి యాక్సిలరేటర్ మీద ఒక్క క్షణం వదులైంది. చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. దీపాల వేళ నాయన లేచి, నిలువునా సాగి ఉన్న పడుగు దారాలను కాస్త వదులు చేసేవాడు. రాత్రంతా బిగువు మీద ఉంచితే దారం అలిసిపోతుందనేవాడు. పొద్దున కూర్చోగానే మొదట చేసే పని మళ్ళీ బిగించుకోవడం. ఆయన తప్పు చేసింది తెలియక కాదు, జీవితమంతా తెలిసినదాన్నే చేశాడు. తెలిసిన పనే చేతికి అడ్డం పడింది. ఆమె కోపం సగానికి సగం దిగిపోయింది. భయం మాత్రం దిగలేదు.

టోల్‌గేటు దాటాక, రోడ్డు పక్కన గోనెపట్టా మీద సీతాఫలాలు పోసుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా పట్టుచీరలో కల్పన నిలబడి కాయలు ఏరుకుంటోంది. పక్కనే ఎర్ర బండి. ముఖేష్ దాని చుట్టూ తిరుగుతున్నాడు. సుజాతకు ఊపిరి వచ్చింది. ఆ ముసలమ్మ కాళ్ళు మొక్కినా తప్పులేదనిపించింది.

"అక్కా, నువ్వేంది ఈడ?" అన్నాడు ముఖేష్.

"బండి ఏడుస్తాండాదని నేనే ఆపమన్నాను" అంది కల్పన. "కొత్త చైను మొదట్లో అట్లే అరుస్తాదిలే అంటాడు ఈయన. ఆడపిల్ల ఏడ్చినట్టు ఏడుస్తా ఉంటే ఎట్ల కూచునేది?"

సుజాత చైను దగ్గర చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. పెనం మాదిరి కాలుతోంది. "ఇద్దరూ ఒకసారి ఎక్కి కూచోండి. స్టార్టు చేయొద్దు" అంది. ఇద్దరూ కూర్చున్నారు. "నాయనా, ఇట్ల రా. చూడు."

ఆదెన్న మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, మూలుగు బయటికి రాకుండా కింద కూర్చున్నాడు. చేతిలోని గుడ్డ వేలికి చుట్టుకుని చైనును పైకి నెట్టాడు. కదల్లేదు. ఇంకా నెట్టాడు. కదల్లేదు. "దిగండి" అన్నాడు. వాళ్ళు దిగారు. మళ్ళీ నెట్టాడు. ఈసారి పిసరంత కదిలింది. ఆయన అలాగే చైను వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ ఎక్కమన్నాడు, మళ్ళీ దిగమన్నాడు.

"మగ్గాన్ని మనం బిగిస్తే బిగుస్తాది" అన్నాడు చివరికి. "ఇది మనిషి కూచుంటే తనంతట తానే బిగుస్తాది."

"అంతే నాయనా."

"పడుగయితే ఈపాటికి తెగిపోయుండు."

ముఖేష్‌కు విషయం కొంచెం కొంచెంగా అర్థమైంది. ముఖం పాలిపోయింది. "ఎవరు బిగించినారక్కా ఇట్ల?" అన్నాడు.

షాపు నాది, తప్పు నాది అని చెప్పడానికి సుజాత నోరు తెరిచింది. అంతకు ముందే ఆదెన్న చెప్పేశాడు. "నేను బిగించినానప్పా. పాపకు తెలీదు. తెలిసినంక నిన్ను తరుముకుంటా వచ్చింది."

ముఖేష్ ఏదో అనబోయి పెద్దాయన చేతుల వైపు చూసి మింగేశాడు. కల్పన మాత్రం మింగలేదు. "ఏమైనా అయ్యుంటే, పెద్దాయనా? మా చెల్లెలి శ్రీమంతానికి పోతాండాం మేము" అంది. మాట కటువుగానే ఉంది. ఉండవలసిన కటువే. ఆదెన్న తల వంచుకుని విన్నాడు. విన్నాక తల ఎత్తి కూతురివైపు చెయ్యి చాచాడు.

"పానా ఇయ్యి" అన్నాడు.

సుజాత సంచి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇవ్వకపోతే తప్పు పట్టేవాళ్ళు లేరు. ఈ మనిషి చేతిపని వల్లే ఇద్దరి ప్రాణాల మీదికి వచ్చింది ఇప్పుడే. రాప్తాడు నుంచి బెంగుళూరు దాకా ఉన్న తన పేరు రోడ్డు పక్కన దుమ్ములో కలిసేది ఇప్పుడే. కానీ ఇప్పుడు ఇవ్వకపోతే ఆయన తిరిగి ఆ స్టూలు మీద కూర్చుంటాడు, ఇక లేవడు. ఆ సంగతి ఆమెకు చైను సడలు తెలిసినంత స్పష్టంగా తెలిసింది. రెస్టు తీసుకోమన్న రోజు తెలియనిది ఇప్పుడు తెలిసింది.

పానా తీసి ఇచ్చింది.

చైను చల్లబడేదాకా అందరూ సీతాఫలాలు తిన్నారు. అమ్మే ముసలమ్మకు ఇదంతా ఏమిటో తెలియదు గానీ, పండిన కాయలు చూసి చూసి అందించింది. ఆ తర్వాత ఆదెన్న పని మొదలుపెట్టాడు. ఇరుసు నట్టు వదులు చేయడానికి బలం చాల్లేదు. "గొట్టం తేలేదే" అన్నాడు. కూతురు పానా మీద కాలు పెట్టి తొక్కి వదులు చేసింది. మిగతాది ఆయనే చేశాడు. బిగింపు బోల్టు ఒకవైపు కొంచెం తిప్పి, అటు పోయి రెండోవైపు అంతే తిప్పి, గీతలు చూసుకుని, మళ్ళీ ఇటు వచ్చి. లేవడం, కూర్చోవడం, ప్రతిసారీ మోకాళ్ళతో యుద్ధమే. సాయానికి వచ్చిన ముఖేష్‌ను చేత్తోనే ఆపాడు.

"ఎక్కండి" అన్నాడు.

ఎక్కారు. వేలు పెట్టాడు. "ఇంకొంచెం" అని మళ్ళీ దించి ఇంకొంచెం సడలించాడు. మళ్ళీ ఎక్కమన్నాడు. సడలు కుదిరాక సుజాత ఇరుసు నట్టును తన బలమంతా పెట్టి బిగించింది. నట్టు బిగించినప్పుడు చక్రం పిసరు జరుగుతుంది, అందుకే ఆఖరి వేలు ఎప్పుడూ దాని తర్వాతే. ఆ ఆఖరి వేలు ఇన్నేళ్ళుగా ఒక్కరిదే.

సుజాత చెయ్యి దానంతట అది చైను వైపు పోయింది. సగం దూరంలో ఆపుకుంది. చేతులు చొక్కాకు తుడుచుకుని, లేచి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

ఆదెన్న కూతురివైపు చూశాడు. ఆయన వాళ్ళను దిగనీకుండానే, ముఖేష్ కాళ్ళతో బండిని మెల్లగా ముందుకు నెట్టించి ఒకచోట, ఇంకొంచెం నెట్టించి ఇంకోచోట, చైను ఎక్కడెక్కడ బిగుసుకోవచ్చో అక్కడల్లా వేలు పెట్టి చూశాడు. సుజాత చూసేది ఒక్కచోటే. కొత్త చైను అంతటా ఒకేలా ఉంటుందని ఆమె నమ్మకం. ఆయన మాత్రం చీరకు ఈ కొస నుంచి ఆ కొసకు చూసినట్టు మొత్తం చూశాడు. చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"పోండి" అన్నాడు. తర్వాత కల్పనతో, "వచ్చేటప్పుడు మా షెడ్డు దగ్గర ఆగు తల్లీ. ఇంజను కాడ బేరింగు కూడా మా పాప చూస్తాది" అన్నాడు.

ఎర్ర బండి కదిలింది. సుజాత చెవి పెట్టి విన్నది. ఏడుపు లేదు. చైను చప్పుడు కూడా లేదు, టైరు చప్పుడే. అది పెనుకొండ వైపు చిన్నదైపోయేదాకా ఇద్దరూ రోడ్డు పక్కనే నిలబడ్డారు. ఆ తర్వాత సుజాత పానాలు సంచిలో వేసింది, ఆదెన్న వాటిని బయటికి తీసి తుడిచి మళ్ళీ వేశాడు.

వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపు మీద పడుతోంది, మాట బాగా వినబడుతోంది.

"ఆఖరున నువ్వు ఏలు పెట్టలేదే?" అన్నాడు ఆదెన్న.

"నువ్వు పెట్టినావు కదా నాయనా."

కొంచెం దూరం పోయాక ఆదెన్న వెనక కమ్మీ వదిలేసి, గ్రీజు చెయ్యి కూతురి భుజం మీద వేశాడు. చొక్కాకు మరక అంటుకుంది. రాప్తాడు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.